పోయినసారి ఎంత?

పోయిన వారం ఒకాయన నా అంగడికి వచ్చి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలన్నాడు. ఆదోని బస్టాండుకు దగ్గరలో నాది ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు తయారుచేసే చిన్న అంగడి. ఆయన ఫోనులో చూపించిన ఫోటో చూడగానే గుర్తుపట్టాను. తొమ్మిదేళ్లు ఆ మనిషి పక్కన కూర్చుని రిపోర్టులు టైపు కొట్టాను. స్కానింగు డాక్టరు. ఫోటో తెచ్చింది ఆయన అల్లుడు. నేనెవరో అతనికి తెలియదు, నేనూ చెప్పలేదు.

ఏం రాయమంటారని అడిగాను. "పాతవి ఉంటాయి గదమ్మా నీ దగ్గర. పోయినసారి ఎవరికో వేసింటావు. దాంట్లో పేరు, ఫోటో మార్చు, చాలు" అన్నాడు. పోయిన నెల ఒక పత్తి వ్యాపారికి వేసింది తెరిచాను. మృదుభాషి, పేదల పెన్నిధి అని ఉంది. అలాగే ఉంచమన్నాడు. వయసు అడిగాను. అరవై ఎనిమిదో డెబ్బయ్యో సరిగా తెలియదట. "పోయిందాంట్లో ఎంతుంది?" అన్నాడు. డెబ్బై రెండు ఉందన్నాను. "అదే ఉండనీలే" అన్నాడు.

చావు ఇంటి మనిషి ముందు నవ్వకూడదని కీబోర్డు వైపు తల వంచుకున్నాను. మామ జీవితమంతా చేసిన పనే అల్లుడు ఒక్క నిమిషంలో చేసి చూపించాడు. పోయినసారి ఎంతో అడగడం, అదే ఉండనివ్వడం. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఫ్లెక్సీలో చారెడు కళ్లు పెట్టి ఇచ్చి పంపాను. ఆ కళ్లు బతికుండగా ఏం చూశాయో ఇక్కడ రాస్తాను.

ఆయన పేరు మాత్రం రాయను. మర్యాద కోసం కాదు. తొమ్మిదేళ్లలో ఆయన ఒక్కసారీ నా పేరు పలకలేదు. "టైపమ్మా" అనేవాడు. నాకంటే ముందున్నామెనూ అదే పిలుపట. మనిషి మారినా పిలుపు మార్చాల్సిన పని ఆయనకు కనిపించలేదు.

పదిన్నరకు వచ్చేవాడు. అప్పటికి బయట బెంచీల మీద ముప్పై మంది ఉండేవాళ్లు. మద్దికెర నుంచి, సి.బెళగల్ నుంచి తెల్లారకముందే లేచి, కడుపు ఖాళీగా పెట్టుకుని వచ్చినవాళ్లు. స్కానింగుకు ఏమీ తినకుండా రమ్మని ఆయనే బోర్డు రాయించాడు. ఆ బోర్డు కింద కూర్చుని ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తినేవాడు. తలుపు ఓరగా తెరిచే ఉండేది. ఆ వాసనకు ఒక ముసలామె కళ్లు తిరిగి పడిపోతే, బయటికి తొంగి చూసి, షుగరు ఉన్నట్టుంది, ముందు ఆ పరీక్ష చేయించుకోమనండి అన్నాడు.

ఆయన దగ్గర పిసినారితనం రెండు చోట్ల కనిపించేది. ఒకటి, జెల్లు తుడుచుకోవడానికి ఇచ్చే కాగితం. దాన్ని సగానికి చింపి ఇచ్చేవాడు. రెండోది, మాట. పేషెంటుతో ఆయన మాట్లాడేది రెండే మాటలు. "ఊపిరి పట్టు" అనేది ఒకటి. రెండోది "వదులు". ఆ రెండోది చాలాసార్లు మరచిపోయేవాడు. ఊపిరి పట్టమని చెప్పి ఫోనెత్తితే ఇక అంతే. బెళగల్ పెద్దాయన ఒకరు ముఖం నల్లబడేదాకా పట్టి పట్టి, ఆఖరికి దగ్గుతో మంచం మీద లేచి కూర్చున్నాడు. డాక్టరు ఫోను చెవి దగ్గర పెట్టుకునే, "నేను వదలమని చెప్పినానా? నువ్వెందుకు వదిలినావు?" అని గదమాయించాడు. ఇంకో రోజు అసలు ఊపిరి సంగతే ఎత్తకుండా పని ముగించేవాడు. కొందరిని వెల్లకిలా పడుకోబెట్టేవాడు, కొందరిని కుడిపక్కకు తిప్పేవాడు. జబ్బును బట్టి కాబోలు అనుకునేదాన్ని. తర్వాత కనిపెట్టాను, అది ఆయన కుర్చీ ఆ రోజు ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి.

ఇక కొలత. తెర మీద రెండు చిన్న గుర్తులుంటాయి. కొలవాల్సిన దాని ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి పెడితే మధ్య దూరం ఎంతో మిషనే చెబుతుంది. ఆయన మొదటి గుర్తు పెట్టేవాడు. పెట్టి, నా వైపు తిరగకుండా, "పోయినసారి ఎంత?" అనేవాడు. నేను కంప్యూటర్లో పాత రిపోర్టు తీసి చదివేదాన్ని. పదమూడు పాయింటు ఒకటి సార్. అప్పుడు రెండో గుర్తు కదిలేది. ముందుకు, వెనక్కు, మళ్లీ కాస్త ముందుకు. అంకె ఆయనకు నచ్చినచోట ఆగేది. "పదమూడు పాయింటు రెండు, కొట్టు." అక్కడ బల్ల కొస ఉందా, పక్కనున్న పేగు ఉందా అనేది ఆ గుర్తుకే తెలియాలి. తొమ్మిదేళ్లు నేను దాన్నే కొలవడం అనుకున్నాను. గంగిరెద్దులా తల ఊపుతూ టైపు కొట్టాను.

బల్ల అంటే ప్లీహం. ఎడమవైపు పక్కటెముకల కింద ఉంటుంది. కొన్ని జబ్బుల్లో అది పెరుగుతుంది. ఎంత పెరిగిందో చూసి పెద్దడాక్టర్లు మందు మార్చాలా, కోసి తీసేయాలా అని తేలుస్తారు. అందుకని మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి కొలిపించుకుని రమ్మంటారు. అలాంటివాళ్లంతా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఎందుకంటే ఆయన కొలతకు పేరుంది. కర్నూలు డాక్టరొకాయన ఎప్పుడో ఒక చీటీ రాశాడు, మీ కొలతలు ఎప్పుడు చూసినా ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతాయని. దానికి అద్దం కట్టించి గోడకు వేలాడదీశాడు. సరిపోకేం చేస్తాయి, ఒకదాన్ని చూసి ఒకటి పుట్టినవే కదా! ఎవరైనా వేరే ఊళ్లో తీయించుకున్న రిపోర్టు తెచ్చి, దాంట్లో వేరేలా ఉందే సార్ అంటే, ఆయన దగ్గర ఒక మందు ఉండేది. "మిషన్లు వేరు." అది వినగానే ఎంతటివాడైనా నోరు మూసుకునేవాడు. మిషను సంగతి మనకేం తెలుసు?

హుసేనమ్మది గోనెగండ్ల దగ్గర పల్లె. ముప్పై దాటి ఉండవు. ఒంట్లో రక్తం పుట్టినంత వేగంగా విరిగిపోయే జబ్బు, పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడు బల్ల కరగాలని ఎవరో వాత పెట్టారు. ఎడమ డొక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ. డాక్టరు ఆ మచ్చ చూసినప్పుడల్లా, "సైన్సు తెలీని మొద్దులు" అనేవాడు. వాత పెట్టినవాడు కనీసం బల్ల ఎందాకా వచ్చిందో వేళ్లతో తడిమి ఉంటాడు. ఈ సైన్సు తెలిసినాయన అదీ చేయలేదు.

ఆమె మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే పంటకోతల వలసకు, పోయేది, ఊరంతా పోయినట్టే. పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, మధ్యలో కర్నూలు డాక్టరు రమ్మన్నప్పుడల్లా వచ్చి కొలిపించుకునేది. నన్ను అక్కా అనేది. వచ్చినప్పుడు వేరుశనగకాయలు కొంగున కట్టుకొచ్చి నా టేబులు మీద పోసేది.

ఒక రోజు పొద్దున్నే వచ్చింది. డాక్టరు ఇంకా రాలేదు. కాయలు పోయలేదు, ప్లాస్టిక్ కవరు గుండెకు ఆనించుకుని నిలబడింది. ఏమైందని అడిగాను.

"కోత పెడ్తారంటక్కా. ఈసారి గూడా పెరిగింటే బల్ల తీసేస్తామన్యారు కర్నూల్లో."

ఏడాదిలో రెండు సెంటీమీటర్లు పెరిగిందట. రక్తం ఎక్కించడం కూడా మునుపటికంటే తరచుగా అవుతోందట. ఆమెకు ఆపరేషనంటే భయం. వాళ్ల పల్లెలో ఒకామె కడుపు కోయించుకుని మళ్లీ ఇంటికి రాలేదు. ఇద్దరు ఆడపిల్లల పేర్లు చెప్పి, వాళ్లనెవరు చూస్తారని నన్నే అడిగింది. కవరు తీసుకుని కాగితాలు టేబులు మీద పరిచాను. మొదట పద్నాలుగున్నర. తర్వాత పదహారు పాయింటు నాలుగు. ఆ తర్వాత పదహారు పాయింటు ఆరు. రిపోర్టుకు అంటించిన బొమ్మ కూడా ఉంటుంది, మిషను నుంచే వచ్చే చిన్న నల్లకాగితం. దాన్ని ఎవరూ చూడరు. ఆ రోజు నేను చూశాను. రిపోర్టులో పదహారు పాయింటు నాలుగు ఉన్న రోజు, బొమ్మ కింద పద్నాలుగు పాయింటు ఆరు ఉంది.

ఆయన పద్నాలుగు పాయింటు ఆరు అన్నాడు. నేను ఆరునూ నాలుగునూ అటూ ఇటూ కొట్టాను. అంతవరకు అది టైపు తప్పు. కాని మూడు నెలల తర్వాత ఆమె మళ్లీ వచ్చినప్పుడు ఆయన పోయినసారి ఎంత అన్నాడు, నేను తెర మీదున్న తప్పునే చదివాను, రెండో గుర్తు ముందుకు జరిగి జరిగి పదహారు పాయింటు ఆరు దగ్గర ఆగింది. నా వేలు జారిన చోటికి ఆమె బల్ల నడుచుకుంటూ వచ్చింది.

డాక్టరు వచ్చి ఉగ్గాని పొట్లం విప్పుతుంటే లోపలికి పోయి తలుపు వేశాను. జరిగింది చెప్పాను. రెండు కాగితాలూ ముందు పెట్టాను. తిడతాడనుకున్నాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన బజ్జీ కొరుకుతూ నిదానంగా చూసి, నేను తొమ్మిదేళ్లలో ఆయన నోట విన్న అతి పొడుగు మాట అన్నాడు.

"ఒకేసారి రెండు సెంటీమీటర్లు దించితే కర్నూలాయన నన్నేమనుకుంటాడు? ఇన్నేండ్ల పేరు. మెల్లగా దించుదాం. ఈసారి పదారు పాయింటు రెండు వెయ్యి. ఆమీద పదిహేనున్నర. నాలుగు దఫాల్లో దావకొస్తాది."

"ఆమెకు నాలుగు దఫాలు లేవు సార్. ఈసారి చూసి కోస్తారంట."

"కోస్తే కోయనీ. అది వాళ్ల పని. మనది కొలత" అని చెయ్యి తుడుచుకున్నాడు, సగం చింపిన కాగితంతో.

మళ్లీ సరిగా కొలిస్తే సరిపోతుంది కదా అనే మాట ఆయనకు తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు. తప్పు టైపుదే, కాబట్టి అసలు అంకె పద్నాలుగు పాయింటు ఆరే అని గట్టిగా నమ్మాను. దాన్ని ఎలా తిరిగి తేవాలా అనే నా ఆలోచన.

పన్నెండో పేషెంటుగా హుసేనమ్మ లోపలికి వచ్చింది. మేం మాట్లాడి గంట కూడా కాలేదు. ఆయన కుర్చీ ఆ రోజు తలుపు వైపు ఉంది, కాబట్టి ఆమె వెల్లకిలా పడుకుంది. జెల్లు పూశాడు. మొదటి గుర్తు పెట్టాడు.

"పోయినసారి ఎంత?"

మరచిపోయాడు. ఒక ఆడమనిషి కడుపు కోయడం గురించి మాట్లాడుకున్నది బజ్జీలతో పాటే అరిగిపోయింది. నా ముందు తెర మీద పదహారు పాయింటు ఆరు అని ఉంది. నేను పద్నాలుగు పాయింటు ఆరు సార్ అన్నాను.

రెండో గుర్తు కదిలింది. వెనక్కు, ఇంకా వెనక్కు, కాస్త ముందుకు. "పద్నాలుగు పాయింటు ఏడు, కొట్టు."

తగ్గిందని నేనే ఆమెకు చెప్పాను. ఆమె మంచం దిగి, పొట్ట మీద జెల్లు కూడా తుడుచుకోకుండా ఆయన కాళ్లకు దండం పెట్టింది. ఆయన కాళ్లు వెనక్కు తీసుకోలేదు. "చూసినావా, మందు పనిచేస్తాంది" అని, గోడ మీది చీటీ వైపు ఒకసారి చూసుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని సాధించేవాళ్లను చూశాను. ఈయన ఎవరు ఎన్ని కాళ్లు చెబితే అన్ని కాళ్ల కుందేలును పట్టి ఇచ్చేవాడు.

రిపోర్టు కవర్లో పెట్టి ఇస్తుంటే నా చెయ్యి ఆగింది. నేను చెప్పిన అంకెకు ఆయన ఇంత సులువుగా వచ్చాడంటే, మొదటి పద్నాలుగున్నర ఎక్కడి నుంచి వచ్చింది? దానికి ముందు పోయినసారి ఎంతో నేనే చదివి ఉంటాను. దానికి ముందూ ఎవరో చదివి ఉంటారు. మరి ఆమె లోపల ఉన్నది ఎంత? నాకు తెలియదు. ఆయనకు తెలియదు. ఆమె మాత్రం నవ్వుతూ కొంగు సర్దుకుంటోంది.

పూట సెలవు పెట్టి ఆమెతో పాటే బస్సెక్కాను. ఎమ్మిగనూరులో ఒక పడుచు డాక్టరమ్మ కొత్తగా స్కానింగు పెట్టింది, అంతకుముందు మా అమ్మను అక్కడికే తీసుకుపోయాను. హుసేనమ్మ ఎటూ ఆ ఊరి మీదుగానే ఇంటికి పోవాలి. ఇంకొక్కసారి చూపించుకుందాం, కర్నూలాయనకు రెండు కాగితాలుంటే మంచిదని చెప్పాను. ఆమె ఎదురు చెప్పలేదు. దారంతా మాట్లాడుతూనే ఉంది. పెద్దపిల్లను ఈసారి సుగ్గికి తీసుకుపోకుండా హాస్టల్లో చేర్చాలని, కర్నూలు పోయే బాధ తప్పిందని, వాళ్లవ్వ మొక్కుకున్న పీర్ల చావిడికి చక్కెర చదివించాలని. నేను ఊఁ కొట్టాను.

ఎమ్మిగనూరు డాక్టరమ్మకు కవరు ఇవ్వబోతే తీసుకోలేదు. పాతవి తర్వాత చూస్తానంది. హుసేనమ్మను కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎడమచెయ్యి తల మీద పెట్టుకోమంది. ఊపిరి లోపలికి పీల్చి ఆపమంది. కొలిచింది. వదలమంది. మళ్లీ పీల్చమంది, మళ్లీ కొలిచింది. మూడుసార్లు. బల్ల ఒక కొస కనిపిస్తే ఇంకో కొస తెర దాటిపోతోంది, దాన్ని తెరలోకి తేవడానికి ఓపికగా చాలాసేపు తిప్పింది. పదిహేడు పాయింటు రెండు. పదిహేడు పాయింటు నాలుగు. పదిహేడు పాయింటు మూడు. మూడూ రాసింది, ఎలా పడుకోబెట్టి కొలిచిందో అదీ రాసింది.

మా నాయన మగ్గం నేసేవాడు. బట్టను లాగి కొలిస్తే ఒక లెక్క, వదులుగా పరిచి కొలిస్తే ఒక లెక్క, ఎట్లా కొలిచినా ఎప్పుడూ అట్లాగే కొలువు, అప్పుడే పొట్టిదో పొడుగుదో తెలుస్తుంది అనేవాడు. ఆ మాట ఇదే ఊళ్లో వింటూ పెరిగాను. ఒకే తీరుగా కొలవడం వేరు, ఒకే అంకె రావడం వేరని తెలిసే వయసుకు ఆదోనిలో కూర్చుని అంకెలు అందిస్తున్నాను.

హుసేనమ్మ పక్కగదిలో చీర సర్దుకుంటుండగా డాక్టరమ్మ పాత కాగితాలు ఒక్కొక్కటే చూసింది. పొద్దుటి పద్నాలుగు పాయింటు ఏడు దగ్గర ఆగింది. ఇవెవరు కొలిచారని అడిగింది. ఎవరూ కొలవలేదు మేడం అన్నాను. ఆమె నన్నే చూస్తూ, కర్నూలుకు ఆలస్యం చేయకుండా పంపండి, ఇది ఎప్పటి నుంచో పెరుగుతున్నట్టుంది అంది. నా టైపు తప్పు అంతకుముందు ఆయన వేసిన కొలతలన్నింటికంటే నిజానికి దగ్గరగా ఉంది. దాన్ని దిద్దబోయి ఆమె కొంప ముంచేదాన్ని.

బయటికి వచ్చాక హుసేనమ్మకు చెప్పాను. ఆమె మెట్టు మీద కూర్చుంది.

"పొద్దున పద్నాలుగు, ఇప్పుడు పదిహేడు. బస్సులో పెరిగినాదా అక్కా?"

ఆమె ఎగతాళిగా అడగలేదు. నిజంగానే అడిగింది. ఆయన ఇన్నాళ్లూ వాడిన మందు నా నోటికి తయారుగా ఉంది. మిషన్లు వేరమ్మా అన్నాను.

మరుసటి వారం కర్నూల్లో బల్ల తీసేశారు. ఆమె ఇంటికి వచ్చింది. రక్తం ఎక్కించే పని చాలా తగ్గింది, ఆ మరుసటేడు సుగ్గికి కూడా పోయింది. నేను ఉద్యోగం మానేస్తానని చెప్పినప్పుడు ఎమ్మిగనూరు కొలత సంగతి డాక్టరుకు చెప్పాను. పదిహేడా అని కూడా అనలేదు. మిషన్లు వేరు అన్నాడు. వారం తిరక్కముందే ఇంకో అమ్మాయి నా కుర్చీలో కూర్చుంది. ఆమెనూ టైపమ్మా అనే పిలిచాడని విన్నాను. చచ్చేదాకా అలాగే కొలిచాడు, అందరూ అలాగే మెచ్చుకున్నారు.

ఆయన ఫ్లెక్సీ ఇప్పుడు బస్టాండు మలుపులో వేలాడుతోంది. మృదుభాషి, వయసు డెబ్బై రెండు. మొన్న హుసేనమ్మ పెద్దకూతురి పెళ్లిపత్రిక కొట్టించడానికి నా అంగడికి వచ్చింది. వేరుశనగకాయలు టేబులు మీద పోసింది. వచ్చేదారిలో ఫ్లెక్సీ చూశానని, కాసేపు ఆగి దండం పెట్టుకుని వచ్చానని చెప్పింది. నేను ముఖం చిట్లించి ఉంటాను.

"అట్లనగాకక్కా. మంచాయన. అందరూ పెరిగినాది, కోయాలనే సెప్పిరి. ఆయనొక్కడే తగ్గినాదని సెప్పినాడు. ఆ పొద్దు ఎమ్మిగనూరు దాంకా బస్సులో నేనెంత సంతోషంగా పోయినానో నీకు తెలీదా? నా పక్కనే కూసున్నావు గదా."

ఔను, పక్కనే కూర్చున్నాను. ఆ అంకె ఆయనది కాదు, నేను చదివింది. ఆ మాట ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. ఇక్కడ మాత్రం దాచకుండా రాశాను. హుసేనమ్మకు చదువు రాదు.